ఉయ్యాలో అంటే జోలపాట కాదు

నేను బతుకులో ఒక్కటే గ్రామఫోను ప్లేటుకు పాడాను. ముందువైపు గుట్ట నరసింహస్వామి పాట, వెనకవైపు నేను సొంతంగా కట్టిన పాట. స్వామి పాటను ఇప్పటికీ ఎవరో ఒకరు గుర్తు చేసి మెచ్చుకుంటారు. వెనకవైపు పాట ఎట్లుందని అడిగితే, "వెనక కూడా ఉందా?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ప్లేటుకు రెండు వైపులుంటాయని తెలియకుండానే ఇంతకాలం సూదులు అరగదీశారా వీళ్లు?

అసలు నేను పాడడానికి ఒప్పుకున్నదే ఆ వెనకవైపు కోసం. మా అన్న నిజాం మీద, దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘంలో కలిసి అడవి పట్టాడు. నన్ను నకిరేకల్ దగ్గరి ఊరికి ఇచ్చారు. అడవిలో ఉన్నా సరే, బతుకమ్మ పండుగకు ఒడి నిండా తంగేడు పూలు కోసుకుని, ఎట్లనో ఒకట్ల మా అత్తగారింటికి వచ్చి ఇచ్చిపోయేవాడు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నప్పుడు కూడా మానలేదు. యూనియన్ మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, ఇక అన్న ఇంటికొస్తాడని సంబరపడ్డాను. నా సంబరం మండినట్టే ఉంది. ఆ మిలిటరీయే సంఘం వాళ్ల కోసం అడవులు గాలించడం మొదలుపెట్టింది. మా అత్తగారి ఊరి బడిలో పోలీసుల క్యాంపు పెట్టారు. బడి మా వాకిట్లోంచి కనిపిస్తుంది. పిల్లలకు చదువు లేదు, నాకు నిద్ర లేదు.

పండుగకు అన్న వస్తాడు, దొరికిపోతాడు. రావద్దని చెబుదామంటే ఆయన ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి. ఆ సమయంలో గుట్ట కింద ప్లేట్లు అమ్మే దుకాణదారు మా పుట్టింట్లో బాపు దగ్గరికి వచ్చి, ప్లేట్ల కంపెనీ వాళ్లు హైదరాబాదులో పాటలు తీసుకుంటున్నారనీ, గుట్ట మీద భజనలో నా గొంతు విన్నాననీ, స్వామి పాట పాడమనీ అడిగాడు. వెనకవైపు నాకిష్టమైన పాట పాడనిస్తేనే వస్తానన్నాను. టీ హోటళ్లలో ప్లేట్లు వేస్తారు. అన్న ఊరూరా తిరిగేవాడు, ఎక్కడో ఒకచోట నా గొంతు పోల్చుకోకపోతాడా అని నా ఆశ.

బతుకమ్మ పాటే కట్టాను. ముందు చరణాలన్నీ ఆడపిల్ల అన్న కోసం ఎదురుచూసేవి, లోకమంతా పాడుకునే తీరువే. వాటిలో ఎవరికీ అనుమానం రాదు. అసలు మాట చివరి చరణంలో పెట్టాను: కందిరీగలంటే పోలీసులు, మా గడప తొక్కొద్దని.

"కందిరీగలు పట్టె ఉయ్యాలో
కడప దొక్కొద్దన్న ఉయ్యాలో."

బాపును వెంటబెట్టుకుని హైదరాబాదు పోయాను. కిరాయి ఇంట్లో గదికి నాలుగు దిక్కులా దుప్పట్లు కట్టి, మైనపు పళ్లెం మీద పాట తీస్తున్నారు. ఆ పని చూసే పెద్దమనిషి కోస్తా వైపు ఆయన. స్వామి పాట బాగానే అయింది. నా పాట మొదలుపెట్టాను. "ఎదురు జూత్తున్నన్న ఉయ్యాలో, ఎప్పుడొస్తవన్న ఉయ్యాలో" దాకా వచ్చానో లేదో, ఆయన చెయ్యి ఎత్తి మిషను ఆపేశాడు.

"ఇంకో చరణమున్నది," అన్నాను.

"ఒక వైపుకి మూడు నిమిషాలే పడుతుందమ్మా. అయినా జోలపాటకి ఇన్ని చరణాలు దేనికి? పిల్ల ఈపాటికి నిద్రపోయుంటుంది," అని నవ్వాడు.

"జోలపాట గాదు సారూ, బతుకమ్మ పాట!"

"మరి ఉయ్యాలో, ఉయ్యాలో అన్నావుగా?"

ఏం చెప్పి చావను? ఉయ్యాలో అంటే మాకు ఊయల కాదు, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగే అడుగు. బతుకమ్మను చూడని మనిషికి దుప్పట్ల గదిలో నిలబడి ఆడి చూపించనా? మళ్లీ పాడతాను, ముందు చరణాలు తీసేస్తాను అని బతిమాలాను. పళ్లాలు మిగిలినవి వేరే వాళ్ల పాటలకి కావాలన్నాడు. ఆ ఆఖరి చరణం ఎందుకంత అవసరమో చెబితే అన్నను నా చేతులతో పట్టించినట్టే. "జర సారు జెప్పినట్టు ఇను బిడ్డా," అని బాపు నన్నే గదిమాడు. ఆయనకూ చెప్పలేదు నేను.

సరిగ్గా పండుగ ముందర ప్లేట్లు దుకాణానికి వచ్చాయి. వెనకవైపు కాగితం మీద 'జోలపాట' అని అచ్చు వేశారు. దుకాణదారు మురిసిపోతూ చూపించాడు. ఆ ప్లేటును ఆయన నెత్తి మీదే పగలగొట్టాలనిపించింది. రావద్దని చెప్పడానికి పోయి, రమ్మని పాడి వచ్చినట్టయింది. గుట్ట కింద అందరూ స్వామి పాటే వేస్తున్నారు, జోలపాట ఎవడికి కావాలి? పుట్టి బుద్ధెరిగి నా పాట ఎవరూ వినకూడదని మొక్కుకున్నది అప్పుడొక్కసారే.

పండుగ ఆఖరున, సద్దుల బతుకమ్మ రోజు, పట్టపగలు, మా గడప ముందరే అన్నను పట్టుకున్నారు. పూలన్నీ వాకిట్లో చల్లాచెదురయ్యాయి.

నల్లగొండ జైలులో ఆయన్ను చూడనిచ్చేసరికి నాకు ఏడుపు కన్నా కోపమే ముందొచ్చింది. "బడిల పోలీసోళ్లున్నరని ఎవ్వరు జెప్పలేదా? కండ్లు మూసుకొని ఎట్లొచ్చినవన్నా?"

"చెప్పిన్రు. నువ్వే పిలిస్తివి గద చెల్లె, రాకుండ ఎట్లుంట?" అన్నాడు. "హోటల్ల సామి పాట ఇన్న. గొంతు నీదే అని తెలిసిపోయింది. ఎనుక గూడ ఏమన్న పాడిందేమో తిప్పి పెట్టుమని నేనే అడిగిన. జోలపాటంట, ఎందుకని హోటలాయన ఒప్పుకోలే. బతిమాలి పెట్టిచ్చుకున్న."

జిల్లా మొత్తంలో ఆ ప్లేటును తిప్పి వేయించుకున్నది ఈయనొక్కడే! ఇంకో చరణం ఉందన్నా అని చెప్పబోయాను.

"మస్తు పాడినవ్ చెల్లె. ఇన్నంతసేపు మన ఆకిట్ల ఉన్నట్టే అనిపిచ్చింది," అన్నాడు.

ఆ చరణం నా దగ్గరే ఉంచుకున్నాను.