వేర్లు ముదిరేదాకా

నాకు ఒకచోట కాలు నిలవదు. ఇప్పటికీ అంతే. తొంభైల్లో, నాన్న ఉక్కు ప్లాంటులో రిటైరయిన ఏడాది, ఇల్లంతటికీ నా జబ్బే పట్టుకుంది. భిలాయిలో సెక్టారు క్వార్టరు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. వానలు వెళ్లేసరికి ఖాళీ చెయ్యాలి. ఎక్కడికన్నది మాత్రం నాన్న తేల్చడు. పొద్దున టీ తాగుతూ శ్రీకాకుళం వెళ్లిపోదామంటాడు, సాయంత్రం పక్కనున్న చరోదాలో స్థలం చూసొచ్చానంటాడు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక ఇంట్లో పడి ఉన్న నాకు ఆ మాటలు వింటుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుండేది.

అమ్మకు ఊరి బెంగ లేదు. ఆమె దిగులంతా పెరట్లో బట్టలుతికే బండ పక్కనున్న జామచెట్టు గురించే. దాన్ని ఎవరూ నాటలేదు. మేము తిని పారేసిన గింజ ఏదో మొలిస్తే, అమ్మ చుట్టూ ఇటుకలు పేర్చి మేకల నోటికి అందకుండా కాపాడింది. కాయ చిన్నదే, కోస్తే లోపల ఎర్రగా ఉండేది. ఆ చెట్టు లేకుండా గుమ్మం దాటనని తెగేసి చెప్పింది.

"సెట్టుని లారీలో పెడతావేటి?" అని నాన్న నవ్వాడు. అమ్మ చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారాలు పొద్దున్నే దగ్గర్లోని నర్సరీలో ఇంటితోట క్లాసులు చెబుతున్నారని పక్క క్వార్టరు ఆవిడ చెప్పింది. అమ్మకు హిందీ రాదు. ఇన్నేళ్లూ కూరగాయల బండివాడితో సైగలతోనే బేరమాడింది. అందుకని నన్ను లాక్కెళ్లింది. రేకుల షెడ్డు కింద, పేడ ఎరువు వాసనలో, బెంచీల మీద ఓ పదిమంది ఆడవాళ్లం. చెప్పేది ఒక పెద్దాయన. కుండీలో మట్టి ఎలా కలపాలో గంటసేపు చెబుతాడు. నాకు ఆవలింతలు. అమ్మ మోచేత్తో పొడుస్తుంది.

"ఏటంతన్నాడే?"

"నీళ్లు ఎక్కువ పొయ్యొద్దంట."

"గంటసేపు అదొక్కటే సెప్పినాడా?"

ఎంత సేపు చెప్పినా నా తర్జుమా అంతే. గులాబీలు కత్తిరించిన రోజూ అదే, కంపోస్టు గొయ్యి రోజూ అదే.

ఒక ఆదివారం అమ్మ ఊరుకోలేదు. లేచి నిలబడి నన్ను అడగమంది. జామ గింజ తీసుకెళ్లి వేరేచోట నాటితే ఇదే కాయ వస్తుందా అని. రాకపోవచ్చన్నాడు ఆయన. కొమ్మకు గూటీ కట్టుకోమన్నాడు. గూటీ అంటే, చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేర్లు పుట్టించడం. వేలు మందం కొమ్మ చుట్టూ ఉంగరమంత బెరడు తీసి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు వైపులా బిగించి కట్టాలి. వేర్లు తెల్లగా ఉన్నప్పుడు కోస్తే కొమ్మ ఎండిపోతుంది. గోధుమరంగుకు తిరిగాకే కొయ్యాలి. ఆ ఒక్క రోజు మాత్రం నేను అక్షరం వదలకుండా తెలుగులో చెప్పాను.

మర్నాడే అమ్మ కట్టింది. అక్కడినుంచి నేను కాలుగాలిన పిల్లినే. పొద్దస్తమానం పెరట్లోకి వెళ్లి ఆ ప్లాస్టిక్‌లోకి తొంగిచూడ్డమే పని. లోపల ఆవిరి పట్టి ఏమీ కనిపించేది కాదు. ఒకసారి విప్పి చూద్దామని చెయ్యి పెడితే అమ్మ ఆ చేతి మీద చరిచింది. వానలు తగ్గే వేళకు వేర్లు కనబడ్డాయి, తెల్లగా, సేమ్యాలా.

అప్పుడే నాన్న తేల్చాడు. భిలాయిలోనే, సుపేలా బజారు వెనక అద్దెకు రెండు గదులు. గుప్పెడు మట్టి లేదు, మేడ మీద ఎండ మాత్రం బోలెడు.

లారీ వచ్చిన రోజుకీ వేర్లు తెల్లగానే ఉన్నాయి. క్వార్టరు అలాటయిన కొత్త కుర్రాడు భార్యతో సహా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ అమ్మాయిది బీహారు, నా ఈడుదే. డ్రైవరు హారను మీద హారను. "కోసీసి తెచ్చీయే!" అని నాన్న అరుస్తున్నాడు. నేను కత్తి తీసుకుని కొమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ నా చేతిలోంచి కత్తి లాక్కుంది. నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి తీసుకొచ్చింది.

"బేటీ, అభీ నై కాట్నా. జడ్ సఫేద్ హై. భూరా హోనే దో. పానీ జాదా నై దేనా."

నేను నోరు తెరుచుకు చూశాను. వేరు ముదిరాకే కొయ్యాలని, నీళ్లు ఎక్కువ పొయ్యొద్దని, అమ్మ ఆ బెంచీ మీద విన్న మాటలే ముక్కలుముక్కలుగా హిందీలోనే అప్పజెప్పింది. ఆ అమ్మాయి బుద్ధిగా తల ఊపింది.

సుపేలాలో నాకు నిద్ర పట్టేది కాదు. కింద ఆటోల గోల, పైన నా గోల. ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టి వచ్చావేమిటని అమ్మను రోజూ సాధించాను. కోసి పారేసి ఉంటుందన్నాను. అమ్మ మేడ మీద ఆ కొమ్మ కోసం మట్టి నింపిన కుండీ పెట్టుకుని, దాంట్లో కలుపు మొక్కలు పీకుతూ కూర్చునేది. ఆమెకూ భయంగానే ఉందని నాకు తెలుసు.

దీపావళి ముందు ఇద్దరం వెళ్లాం. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి లోపలికి పరుగెత్తి, రంగు డబ్బా ఒకటి ఎత్తుకొచ్చింది. అందులో మా జామ కొమ్మ, కొసన రెండు లేత ఆకులు. అమ్మ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆ అమ్మాయి తల నిమిరింది.

అప్పుడు నేను చెట్టు వైపు చూశాను. ఇంకో కొమ్మకు ప్లాస్టిక్ కట్టి ఉంది, ఎర్రచీర అంచు పీలికతో. ఇది ఎవరికోసమని అడిగాను.

"నాకే, దీదీ," అంది హిందీలో, నవ్వుతూ. "మేమూ ఒకరోజు ఖాళీ చెయ్యాలి కదా. ఇప్పుడే నేర్చుకుంటున్నా."

ఆమె మొగుడు ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. అమ్మకు ఆ మాట అర్థమయిందో లేదోనని తర్జుమా చెయ్యబోయాను. అమ్మ అప్పటికే డబ్బా కింద పెట్టి చెట్టు దగ్గరికి వెళ్లింది.

"ముడి వొదులైపోనాదే, ఇలగైతే తడి నిలవదు," అని ఆ పీలిక విప్పింది. "కొమ్మ పట్టుకో, కదపకు."

అమ్మ మళ్లీ బిగించి కట్టేదాకా నేను కదలకుండా పట్టుకున్నాను.