వెయ్యని తాళం

నాలుగేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది వనపర్తి. ఫోన్ యాప్‌లు రాస్తాను. గద్వాలలో కొందరు నేతవాళ్లు చీరల డిజైన్లు ఫోన్లో దాచుకోవడానికి ఒక యాప్ అడిగారు. చీర మగ్గం దిగేదాకా డిజైను బయటివాళ్ల కంట పడకూడదు వాళ్లకు. అందుకని బొమ్మను గజిబిజి చేసి తాళం వేసే క్రిప్టోగ్రఫీ లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు, ఒకటి వాడాను. నా ల్యాప్‌టాప్‌లో బాగుంది. కొత్త ఫోన్లలో బాగుంది. ఆ నేతవాళ్లలో ఒకరైన నర్సమ్మక్క పాత ఫోన్లో మాత్రం సేవ్ నొక్కగానే యాప్ ఠపీమని మూసుకుపోయేది.

వాళ్లింట్లోనే కూర్చుని మూడు రోజులు వెతికాను. నర్సమ్మక్క, ఆమె తోటికోడలు పద్మ ఒకే మగ్గం మీద నేసేవారు. అంచును వేరే పోగుతో నేసి చీరకు కలిపే కుప్పడం అంచుకు ఇద్దరు కావాలి, ఈ అంచు దగ్గర ఒకరు, ఆ అంచు దగ్గర ఒకరు. మగ్గం చప్పుడు వింటూ, కిటికీ ఎండలో మెరిసే పట్టుపోగులు చూస్తూ, యాప్ ఎందుకు ఆగిందో చెప్పే క్రాష్ లాగ్‌లు చదువుతూ చదువుతూ నేనెక్కడున్నానో మరిచిపోయేవాణ్ని. ఇప్పటికీ ఆ మూడు రోజులు కలలాగే ఉన్నాయి. కారణం దొరకలేదు. విసిగి ఒక లైను రాశాను: పాత ఫోనైతే తాళం వేయకుండానే దాచు. తెర మీద తాళం బొమ్మ మాత్రం ఉంచేశాను. తర్వాత సరిచేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా?

కొన్నాళ్లకు ఫోన్ పగిలితే నర్సమ్మక్క రిపేరు షాపులో ఇచ్చింది. తాళం ఉందన్న ధైర్యం. చీర ఇంకా మగ్గం మీదుండగానే, అదే డిజైను మరమగ్గం చీరల మీద బజారుకొచ్చింది. నర్సమ్మక్క నన్ను పిలిపించింది.

“తమ్ముడూ, తాళం గట్టిదే గదా? బొమ్మ ఎట్ల బయటికి పోతది?”

“గట్టిదే అక్కా,” అన్నాను.

“అయితే పద్మనే చూపెట్టింది. దానికి తప్ప ఇంకెవ్వరికి తెల్వదు.”

పద్మ గుమ్మంలోనే ఉంది. నావైపు చూసింది. నేను చార్జరు వైరు చుట్టుకుంటూ ఉండిపోయాను. నర్సమ్మక్క బజారు నుంచి తెచ్చి నా ముందు పరిచిన మరమగ్గం చీరలో ఒక హంసకు ముక్కు లేదు. ఫోన్లోని బొమ్మలోనూ లేదు. మగ్గం మీద వాళ్లిద్దరూ ఆ తప్పు దిద్దుకున్నారు. డిజైను షాపుకిచ్చిన ఫోన్లోంచే పోయిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారమే క్రాష్ కారణం దొరికింది. మెమరీలో సరైన చోటు నుంచి మొదలుపెడితేనే ఆ పాత ప్రాసెసర్ చదవగలదు, నేను బొమ్మ డేటాను ఒక్క బైటు పక్కకు జరిపి ఇచ్చాను. తప్పు లైబ్రరీది కాదు, ఫోన్‌ది కాదు. అరగంటలో సరిచేసి, అప్‌డేట్ కింద ‘పాత ఫోన్లలో చిన్న మెరుగుదల’ అని రాశాను. సిగ్గేస్తోంది.

పద్మ వేరుపడింది. విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేలకు కూలికి పోతోందట. నర్సమ్మక్క ఒక్కతే మామూలు అంచు చీరలు నేస్తోంది.

వాళ్లకు చెప్పలేదు. రెండుసార్లు గద్వాల బస్సెక్కి మధ్యలో దిగిపోయాను. మళ్లీ ఎక్కితే ఈసారైనా గద్వాల దాకా పోతానా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. నాలుగేళ్లలో మొదటిసారి ఈ ఒక్క వాక్యం రాయగలిగాను, రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. పద్మ ఆ డిజైను ఎవరికీ చూపలేదు.