స్పీకరు నోరు మూయించే మనిషి

మా అంగడికి ఎదురుగా ఇంకొకాయన కూడా నా మాదిరే సౌండు సిస్టంలు అద్దెకిచ్చేవాడు. జనం ఆయన దగ్గరికే పోతుంటే నాకు కడుపు మండేది. ఆయన ల్యాప్‌టాప్‌కున్న తీగ తీసేముందు స్పీకరు వాల్యూమ్ దించి, స్విచ్ ఆపి, దానిమీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాడు.

"ఏమన్నా, జ్వరం చూస్తాండావా?" అనేవాణ్ణి.

"నోరు మూసినాకనే తీగ పీకల్లప్పా."

రేటు తగ్గించి, ధర్మవరంలో పట్టుచీరల అంగడి ప్రారంభోత్సవం బేరం ఆయన నుంచి లాక్కున్నాను. అక్కడ ల్యాప్‌టాప్ మార్చే తొందరలో, స్పీకర్లు ఆపకుండానే తీగ పీకాను. ఢబ్బుమని ఒకటి మూగబోయింది. చీరల అంగడాయన నా ముందే మా ఎదురంగడాయనకు ఫోన్ చేసి పిలిపించాడు.

వచ్చి తన స్పీకర్లు పెట్టినాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు; చేసుంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

"లోపల కాయిల్ మారిస్తే పలుకుతాదిలేప్పా, దిగులు పడొద్దు," అన్నాడు.

ఆ నిదానం ఏ అంగట్లో అమ్ముతారో తెలిస్తే, బేరమాడకుండా కొనుక్కునేవాణ్ణి.