సిస్టరమ్మ గారి ఏడు మొక్కలు

పోయిన వారం పళ్ల డాక్టరు నా నోరు చూడబోతూ రబ్బరు గ్లౌజులు తొడుక్కుంటుంటే వాటిలోంచి తెల్లటి పౌడరు వాసన వచ్చింది. నోరు తెరవమని ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నా ధ్యాస అక్కడ లేదు. గాజువాకలో మా కాలనీలో, ఎదురింటి గోడ దగ్గర, అలాంటి గ్లౌజులే తొడుక్కుని మొక్కల ఆకులు తుడుస్తున్న ఎస్తేరమ్మ గారి మీద ఉంది. ఆవిడ ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కాలనీ అంతా సిస్టరమ్మ గారు అనేవాళ్లం. పోయినవాళ్ల గురించి చెప్పేటప్పుడు ముందు ఒక మంచి మాట చెప్పాలంటారు. నేను నిజం చెబుతాను. ఆవిడంటే నాకు కుళ్లు.

మాది సబ్బవరం దగ్గర వ్యవసాయ కుటుంబం. నడక రాకముందే నారుమడి గట్టు మీద కూర్చున్నదాన్ని. మా ఆయన స్టీల్ ప్లాంటు ఉద్యోగం వల్ల ఈ కాలనీకి వచ్చాక, ఇంటి ముందు నేను పెంచిన చామంతులు వీధికంతటికీ గొప్ప. శుక్రవారం వస్తే గేటు దగ్గర నిలబడి రెండు పువ్వులిమ్మని అడిగేవాళ్లు. ఇవ్వడమూ, లేవనడమూ నా ఇష్టం. అదెంత తీపి అధికారమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. సిస్టరమ్మ గారు ఎదురింట్లో దిగిన ఏడాదికే ఆ అధికారం కాస్తా పోయింది. ఆవిడ డాలియాలు పళ్లెమంత పూసేవి. చచ్చిన గులాబీ కొమ్మను గుచ్చినా చిగురించేది. ఆవిడ హస్తవాసి అలాంటిదని అందరూ అంటుంటే, మందులిచ్చే చేతికి హస్తవాసి ఉంటే ఉండొచ్చు, మొక్కలకేం సంబంధమని నేను ఇంట్లో మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

ఒక ఏడాది దసరా వెళ్లాక ఆవిడ నన్ను పిలిచి అరచేతిలో కాగితం పొట్లం విప్పి చూపించింది.

"ఒలే పార్వతీ, ఇదేటో సెప్పుకో సూద్దాం."

"ముక్కుపొడా?"

"ఇత్తనాలే పిచ్చిదానా. ఫాక్స్‌గ్లోవ్ అంటారు. సల్లటి దేశాల పువ్వు. గుండె జబ్బోళ్లకి ఒక మాత్ర ఇత్తారు గదా, దాన్ని మొదట్లో ఈ జాతి ఆకులోంచే తీసీవోరంట. నాను ముప్పై ఏళ్లు ఆ మాత్ర ఇచ్చాను. ఇచ్చే ముందర నిండా ఒక నిమిషం నాడి సూసీదాన్ని. అరవై కన్నా తక్కువ కొట్టుకుంటే ఇవ్వకుండా డాక్టర్ని పిల్సీదాన్ని. అన్నేళ్లు మాత్ర ముట్టుకున్నాను గానీ పువ్వెలాగుంటాదో సూడనేదు. కళ్లు మూసేలోగా ఒక్కపాలి నా ఇంటి ముందర పూస్తే సూడాల."

సగం విత్తనాలు నాకిచ్చి రెండు జాగ్రత్తలు చెప్పింది. "మట్టి కప్పకే. దీనికి ఎలుతురు తగలాల. పైన సల్లేసి నీళ్లు సిలకరించడమే. రెండోది, ఇది ఇసం. ఆకైనా పువ్వైనా నోట్లోకెల్తే గుండె మీదకొస్తాది. గ్లౌజులేసుకో. పిల్లల్ని దగ్గరికి రానీకు."

తాతకు దగ్గులు నేర్పినట్టు, రైతు కూతురికి విత్తనం చల్లడం నేర్పుతోంది అనుకున్నాను. మా నాన్న ఏ విత్తనం మీదైనా మట్టి కప్పేవాడు. నేనూ వేలు మందాన కప్పాను. నెల గడిచినా ఒక్క మొలకా రాలేదు. నా చేతిది తప్పని ఒప్పుకోవడం కన్నా ఆవిడ నాకు పుచ్చు విత్తనాలిచ్చిందని నమ్మడం తేలిక కాబట్టి, అదే నమ్మాను.

ఆవిడకు మొలిచాయి. మొలిచినవాటిలో ఏడు బతికాయి. వాటికి ఆవిడ చేసిన సేవ ఏ రోగికి చేసి ఉంటుందో నాకు తెలియదు. మధ్యాహ్నం ఎండ తగలకుండా పాత చీర కట్టేది. ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు పోసేది. మా వైపు గాలిలో నల్లటి దుమ్ము వస్తుంది, మిద్దె మీద ఆరేసిన బట్టలకే కాదు, ఆకులకూ పడుతుంది. రోజూ పొద్దున్నే ఒక్కో ఆకునూ తడి దూదితో తుడిచేది. శివరాత్రి వెళ్లేసరికి ఏడింటికీ నడుమెత్తు కాడలు లేచాయి. కాడ పొడుగునా చిటికెన వేలి కొసంత మొగ్గలు. మన వైపు ఎవరూ చూడని పువ్వట అని కాలనీ ఆడవాళ్లంతా రోజూ వచ్చి పూసిందా పూసిందా అని అడిగేవాళ్లు. సిస్టరమ్మ గారి గోడ ఎత్తు, దాని దగ్గర నిలబడితే మొక్కలు సరిగ్గా కనబడవు. అందుకని ఎదురుగా కాస్త మెరకలో ఉన్న మా గేటు దగ్గర నిలబడేవాళ్లు. "కొంచెం జరుగుతారా పార్వతి గారూ, ఇక్కడి నుంచయితే ఫోటో బాగొస్తాది" అని కాలనీ సంఘం సెక్రటరీ భార్య నా చామంతులకు వీపు పెట్టి నిలబడి, కబుర్లలో పడి, ఒక చామంతిని తుంపి రేకులు ఒక్కొక్కటే కింద రాల్చింది. ఆ రాలిన రేకులు ఊడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ మొగ్గలన్నీ మాడిపోతే బాగుండునని కోరుకున్నాను.

అవి మాడలేదు. మర్నాడు పాల ప్యాకెట్ల దగ్గర నలుగురు ఆడవాళ్లున్నప్పుడు నేనే మొదలుపెట్టాను.

"ఆ మొక్క వొట్టి ఇసమంట. ఆకు నమిల్తే గుండె ఆగిపోతాదంట. సిస్టరమ్మ గారే నాతో సెప్పారు. మన పిల్లలు ఆడుకుంటే బంతి ఎప్పుడూ ఆ గోడ లోపలికే గదా ఎల్తాది! నాకెందుకులే, తెలిసింది గనక సెప్పాను."

నేనన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అదే నా ధైర్యం. చుట్టూ వల కట్టి తాళం వేసుకుంటే ఏ పిల్లవాడూ వెళ్లలేడని కూడా నాకు తెలుసు. ఆ ముక్క మాత్రం అనలేదు.

సాయంత్రానికి ఆరేడుగురు ఆవిడ గేటు ముందు చేరారు. నేను మా కిటికీలోంచి చూస్తున్నాను. ఆవిడ గొడవ పడుతుందని, అప్పుడు నలుగురిలో చెడ్డదవుతుందని ఎదురుచూశాను. ఆవిడ అందరి మాటా విని, "నిజమే. పిల్లల కంటే పువ్వెక్కువేటి? రేపు తీసేస్తాను" అంది. ఎవరు చెప్పారని కూడా అడగలేదు.

పొద్దున్నే మా గేటు చప్పుడైంది. ఆవిడ చేతిలో రెండు జతల గ్లౌజులు.

"రాయే, సాయం పట్టు. దీని సంగతి ఈ కాలనీలో నీ ఒక్కదానికే గదా సెప్పాను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. గ్లౌజులు తొడుక్కుని వెళ్లాను. ఏడు మొక్కలూ వేళ్లతో సహా పెళ్లగించి గోనెసంచిలో వేశాం. చివరి మొక్క దగ్గర ఆవిడ ఆగి, అన్నిటికన్నా పెద్ద మొగ్గను గోటితో చీల్చి చూసింది. లోపల ఇంకా రంగు దిగలేదు, పాలిపోయిన పచ్చగా ఉంది. "ఇంకో వారం పట్టీది" అంది. అంతే. సంచి మూతి కట్టి, నా చేతుల మీద డెట్టాల్ నీళ్లు ఆవిడే పోసింది.

ఆ ఎండాకాలమే ఆవిడకు ఒంట్లో బాగోక ఆనందపురంలో ఉన్న చెల్లెలింటికి వెళ్లిపోయింది. వీధిలో మళ్లీ నా చామంతులదే రాజ్యం. ఆ రాజ్యం నాకు వారం రోజులు కూడా రుచించలేదు. తరువాతి దసరాకు ఆ విత్తనాలే తెప్పించి, మిద్దె మీద వల కట్టి, మెట్ల తలుపుకు తాళం వేసి, ఈసారి మట్టి కప్పకుండా చల్లాను. ఫాల్గుణంలో రెండు మొక్కలు పూశాయి. కాడ నిండా వంగపండు రంగు గంటలు, గంట లోపల ముదురు చుక్కలు. వాటి ముందు పీట వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. తరువాత ఫోనులో ఫోటో తీసి ఆనందపురం బస్సెక్కాను.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, బాగా చిక్కిపోయింది. ఫోటో చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసింది.

"లోపల సుక్కలుంటాయా! నాను అనుకోనేదు." నవ్వింది. "నిజం సెప్పనా? నాకు కుళ్లుగుందే పార్వతీ. ఒళ్లంతా మండిపోతంది. నాకు పుయ్యనేదు, నీకు పూసింది."

అంత మాట మొహం మీద అనగలిగినవాళ్లను నేను అంతవరకూ చూడలేదు. "ఆ రోజు పాల ప్యాకెట్ల కాడ..." అని మొదలుపెట్టాను.

"తెలుసులే." నా చెయ్యి పట్టుకుంది. "నీ సామంతులు ఎవరూ సూడ్డం నేదని నాతో ఒక్క మాట అననేకపోయావా? నలుగుర్నీ నానే తీసుకొచ్చి సూపించీదాన్ని కదే."

వానలు పడక ముందే ఆవిడ పోయింది.

అప్పటి నుంచి నాకు కుళ్లు పుడితే దాచుకోవడం మానేశాను. పోయిన నెల మా తోడికోడలు కొత్తింటి గృహప్రవేశంలో, వంటగది కిటికీలోంచి కొండ కనబడుతుంటే, "నాకు కుళ్లుగా ఉందే" అని అందరి ముందే అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వారు. తోడికోడలు మాత్రం నా మొహం చూసి, ఎప్పుడైనా వచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చోమంది. ఇద్దరికీ మనసు తేలికపడింది. అనేస్తే చాలావరకు అలాగే తేలికపడుతుంది. ఒక్కటి మాత్రం తేలికపడటం లేదు. ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన మనిషి ఆ పువ్వును అరచేతిలో ఫోటోగా చూసింది. నేను ఎదురుగా పీట వేసుకుని చూశాను. ఇది ఎంతమందితో చెప్పినా తేలిక కాలేదు, ఇప్పుడు మీకు చెప్పినా కాలేదు.