కరాచీకి రాసిన కార్డులు

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా ఇంటికి వచ్చే ఉత్తరాలు చదివిపెట్టే పని నాది. నాన్నకు సంతకం వరకే వచ్చు. అమ్మకు అదీ రాదు. ఇంట్లో బాగా చదువుకున్నవాడు అన్నయ్య ఒక్కడే. ఇప్పుడు దూరం నుంచి ఆ ఉత్తరాలు రాస్తున్నది అతనే. కాబట్టి చదివేందుకు పదేళ్ళ దాన్ని నేను మిగిలాను.

మాది మంగళగిరి, నేతపని ఇల్లు. యుద్ధం మొదలయ్యాక నూలు దొరకడం కష్టమైంది. వంతులవారీగా ఇచ్చే నూలు పది రోజుల పనికి కూడా వచ్చేది కాదు. మా రెండు మగ్గాల్లో ఒకటి విప్పి అటక మీద పెట్టారు. రెండోదాని గుంటలో కోళ్ళు పడుకునేవి. ఆ కోళ్ళను చూసి చూసి కాబోలు, పదిహేడేళ్ళ అన్నయ్య ఎవరికీ చెప్పకుండా బెజవాడ వెళ్ళి నేవీలో చేరతానని పేరిచ్చి వచ్చాడు. శిక్షణ కరాచీలో. రైలు మీద రైలు మారుతూ వెళ్ళాలి. ఆ ఊరి పేరు సరిగ్గా పలకడానికి అమ్మకు నెల పట్టింది.

మొదట్లో ఉత్తరాలు ఉత్సాహంగానే వచ్చాయి. తెల్ల బట్టలు ఇచ్చారని, సముద్రం మన కృష్ణలా ఒకవైపుకు పోకుండా అక్కడక్కడే కదులుతుందని రాశాడు. తర్వాత ఉత్తరాలు పొట్టివయ్యాయి. చీకటితోనే లేపుతారట. హిందుస్తానీలోనో ఇంగ్లీషులోనో అరుస్తారట. అర్థం కాక నిలబడితే అవిధేయత అంటారట. ఒకడు తప్పు చేస్తే అందరూ తుపాకులు తలపైకెత్తి పరుగెత్తాలి. ఈత రాదంటే నీళ్ళలోకి తోస్తారు. రొట్టె గొంతు దిగడం లేదు.

ఆ తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. అమ్మా నాన్నా మేనత్తా కూర్చుని ఉండగా నేను పైకి చదివాను. "నేనిక్కడ ఉండలేను. అమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని టెలిగ్రాం ఇవ్వండి. అలాగైతేనే వదులుతారు. నా పక్క మంచం కుర్రాడు అలాగే వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. శిక్షణ ఇంకా రెండు నెలలేగా అంటున్నారు. నాకు రెండు రోజులు కూడా గడిచేట్టు లేవు."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఇచ్చెయ్యండి. ప్రాణం మీదికొచ్చిందని కాదు, పోయిందనే ఇవ్వండి. నాకేం పట్టింపు లేదు."

నాన్న గోడవైపు చూస్తూ, "మన పోస్టుమాస్టరుకి నువ్వు రోజూ కనపడే మనిషివి. పొద్దున్నేగా ఆయన ఇంటిముందు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చావు" అన్నాడు.

"అయితే బెజవాడ వెళ్ళి ఇచ్చొస్తా తమ్ముడూ" అంది మేనత్త. "పిల్లని నాతో పంపండి, రాయడానికి."

మేనత్త నాన్నకు అక్క. మా పక్కవాటాలోనే ఉండేది. ఆవిడ భర్త వయసులో ఉండగా రంగూన్ వెళ్ళి మిల్లులో కుదిరాడు. ఉండలేకపోతున్నాననే ఆయనా రాయించాడు. ఈవిడ ఏడుస్తూ, వచ్చెయ్యమని జవాబు రాయించింది. ఆయన వచ్చేశాడు. ఆపైన ఇరవై ఏళ్ళు అరుగు మీద కూర్చుని, నువ్వు రమ్మనకపోతే నేను ఈపాటికి మేస్త్రీని అయ్యేవాణ్ణని రోజుకొకసారి అని, కిందటేడు పోయాడు. ఇదంతా మా వీధిలో అందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బెజవాడలో రైలు దిగాక అత్తయ్య టెలిగ్రాం ఆఫీసు మెట్ల దగ్గర చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత పక్క కిటికీ దగ్గరికి వెళ్ళి పోస్టుకార్డులు ఒక కట్ట ఇమ్మంది.

"అత్తా, అది టెలిగ్రాం కిటికీ కాదు."

"తెలుసే. చదువు రాకపోతే కళ్ళు కూడా లేవనుకున్నావా?"

కాలువ గట్టున ఒక రాతి మీద నన్ను కూర్చోబెట్టి, కార్డు చేతికిచ్చింది. చావు పేరు చెప్పి ఒకసారి ఇంటికి వచ్చినవాడు ఇక దేనికీ నిలబడడని, వాడు వచ్చినా ఇక్కడ వాడికి కోళ్ళగుంట తప్ప ఏముందని అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఈ మాటలు మెల్లగా అంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. నేను రాశాను.

"అబ్బాయికి, మీ అమ్మ గుండ్రాయిలా ఉంది. టెలిగ్రాం ఇవ్వడానికే వచ్చాం, ఇంకా ఇవ్వలేదు. ఈ లోపల విను. మన వీధికి నూలు వచ్చింది. రెండిళ్ళకే సరిపోయింది. ఎదురింటి తాత ముందు నా పడుగే వెయ్యాలంటాడు, మూలింటి మామ్మ నాదే అంటుంది. తాత రాత్రికి రాత్రే వీధిలో గుంజలు పాతేశాడు. తెల్లారి చూస్తే గుంజకి మామ్మ గేదె కట్టేసి ఉంది. అప్పుడు తాత ఏం చేశాడంటే..."

"ఏం చేశాడు అత్తా?"

"కార్డు అయిపోయింది. మిగతాది రేపు."

మా నేతవాళ్ళ వీధుల్లో పడుగుకు, అంటే బట్టలో నిలువుగా వచ్చే నూలుకు, గంజి పెట్టి ఆరవెయ్యాలంటే వీధి పొడుగునా పరవాలి. ఒకరి పడుగు ఉంటే ఇంకొకరిది పట్టదు. అందుకని వంతు కోసం తగాదాలు మామూలే. ఈ తగాదా కూడా జరిగిందే. కానీ అది ఒక్క పూటలో తేలిపోయింది. తాత తిట్టుకుంటూ గేదెను విప్పాడు, మామ్మ ముందు పడుగు వేసుకుంది, అంతే. అత్తయ్య దాన్ని రెండు నెలలు సాగదీసింది. బడి వదలగానే నేను పక్కవాటాకు వెళ్ళి రోజుకొక కార్డు రాయాలి. ప్రతి కార్డూ మంచి పట్టు మీద ఆగిపోవాలి.

అబద్ధం రాయడం నాకు నచ్చేది కాదు. "గేదె పడుగు నాకలేదుగా అత్తా?" అనేదాన్ని.

"నాకుతుంది, రేపు. నువ్వు రాయి."

"అన్నయ్య నమ్మడు."

"నమ్మకపోతే మానె. తర్వాతేమైందోనని చూస్తాడా లేదా, అదీ కావలసింది. రెండు నెలలంటే ఎవడికీ గడవవు కోడలు పిల్లా. రేపటిదాకా అంటే ఎవడైనా ఉంటాడు."

ఇంతవరకే అయితే, ఒక తెలివైన మేనత్త కథగా దీన్ని పిల్లలకు సంతోషంగా చెప్పుకునేదాన్ని.

మేము బెజవాడ నుంచి వచ్చిన సాయంత్రం అత్తయ్య గుమ్మంలోనే "ఇచ్చొచ్చాం" అంది. అమ్మ నావైపు చూసింది. నేను తలూపాను. ఆ మర్నాటినుంచి అమ్మ మంచం ఎక్కింది. నేవీ వాళ్ళు నిజమో కాదో కనుక్కోవడానికి పోలీసునో, ఊరి మునసబునో పంపుతారని ఎవరో చెప్పారట. వచ్చినవాళ్ళకు తాను తిరుగుతూ కనపడితే కొడుకును వదలరు. అందుకని తలకు గుడ్డ కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. వీధిలోవాళ్ళు చారు చేసి తెచ్చారు. వాళ్ళ ముందు రెండు ముద్దలు తిని పక్కన పెట్టేది. వాళ్ళు వెళ్ళాక కూడా తినేది కాదు. ఎవరైనా నాడి పట్టి చూస్తే నీరసం నిజంగానే ఉండాలిగా అనేది. వంట నాన్న చేసేవాడు. నీళ్ళు నేను మోసేదాన్ని.

వారం గడిచింది, మూడు వారాలు గడిచాయి. ఎవరూ రాలేదు. అన్నయ్యా రాలేదు, అతని ఉత్తరమూ రాలేదు. "టెలిగ్రాం అందలేదంటావా?" అని అమ్మ రోజూ నన్నే అడిగేది. అక్షరాలు తెలిసినదాన్ని కాబట్టి నాకు తెలుస్తుందని నమ్మకం. "దూరం కదమ్మా" అనేదాన్ని. అమ్మ చేతి గాజులు మోచేతిదాకా జారుతుండేవి. నేను అత్తయ్య దగ్గరికి పరుగెత్తి, చెప్పేద్దాం అత్తా అని ఏడ్చాను. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది. కానీ చెప్పనివ్వలేదు. చెబితే మీ అమ్మ ఈ క్షణమే నడిచైనా వెళ్ళి టెలిగ్రాం ఇస్తుంది, ఇన్నాళ్ళు పడింది వృథా అవుతుంది అంది. ఆ రోజు కూడా కూర్చోబెట్టి కార్డు రాయించింది. మామ్మ, తాత మీద పంచాయతీ పెట్టించిన కార్డు అది. అక్షరాలు వంకరగా వచ్చాయి. నాకు అత్తయ్య మీద కోపం, అమ్మ మీద కోపం, వెయ్యి మైళ్ళకు పైగా దూరాన ఉండి ఇంత చేయిస్తున్న అన్నయ్య మీద అందరికన్నా ఎక్కువ కోపం.

చివరికి ఒక మందపాటి కవరు వచ్చింది. అందులో ఫొటో ఉంది. తెల్ల బట్టల్లో, గుండ్రటి టోపీల్లో, నాలుగు వరసల కుర్రాళ్ళు. శిక్షణ పూర్తయిందని, కవాతు జరిగిందని, పెద్ద దొర తమ వరసల ముందు నడుస్తూ వచ్చి తన ఎదుట ఆగాడని రాశాడు. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. నాన్న దీపం దగ్గరికి జరిపాడు. నేను పైకి చదువుతున్నాను. మిగతా కుర్రాళ్ళ ఇంటివాళ్ళు కొందరు కవాతు చూడటానికి వచ్చారట. తనకోసం ఎవరూ రాలేదని మొదట బాధపడ్డాడట. ఆ తర్వాతి వాక్యం కళ్ళతో ముందే చూసి ఆగిపోయాను.

"ఏమిటే ఆగావు?"

దాటేసి కింది వాక్యానికి పోదామనుకున్నాను. అమ్మకు తెలియదు కూడా. కానీ రెండు నెలల నుంచి ఆ ముఖం చూస్తున్నాను. ఇంకొకటి దాచడానికి నాకు ఓపిక లేదు. చదివేశాను. "అయితే చెల్లి రోజూ రాసిన కార్డులు దాచుకున్నాను. అమ్మ గుండ్రాయిలా ఉందన్న మొదటి కార్డు చూశాక వచ్చెయ్యాలన్న తొందర తగ్గింది. మా గదిలో అందరికీ గేదె సంగతి చదివి చెప్పేవాణ్ణి. టెలిగ్రాం ఇవ్వకపోవడమే మంచిదైంది."

గోడ అవతల అత్తయ్య ఏదో దంచుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మ ఫొటో తీసుకుని, "వాడేడీ?" అంది. నేను వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత తలకున్న గుడ్డ విప్పి, మడిచి, మంచం మీద పెట్టింది. లేవబోతే కాళ్ళు నిలవలేదు. గోడ పట్టుకుంది. నేను పట్టుకోబోతే చెయ్యి తీసేసింది.

"మీ అత్తంటే సరే. నువ్వు కూడానా?"

అంతే అంది. తిట్టలేదు, కొట్టలేదు. అత్తయ్యతో నెల తిరక్కుండానే మాటలు కలిశాయి. ఇద్దరూ కలిసి ఫొటోకు పటం కట్టించారు. అన్నయ్య సెలవు మీద వచ్చినప్పుడు గేదె తగాదా ఎలా తేలిందని అడిగి అత్తయ్యను నవ్వించి చంపాడు. అమ్మ కూడా నవ్వింది. కానీ ఆ రోజు తర్వాత అమ్మ ఏ ఉత్తరమూ నా చేతికివ్వలేదు. పోస్టు బంట్రోతునే అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి చదివించుకునేది. ఆయన తప్పులు చదువుతుంటే నేను లోపలినుంచి వినేదాన్ని. నేను టీచరునయ్యాక కూడా అంతే.

అన్నయ్య ముప్పై ఏళ్ళు ఓడల మీద పనిచేశాడు. కిందటి మార్గశిరంలో పోయాడు. ఆయనతో పనిచేసిన ఇద్దరు వృద్ధులు బెజవాడ భవానీపురంలో ఇప్పటి మా ఇంటికి వచ్చి, మీ కార్డుల గురించి ఎన్నోసార్లు చెప్పేవాడమ్మా, మీ వల్లే నిలబడ్డానని అనేవాడు అన్నారు. నేను వాళ్ళకు కాఫీ ఇచ్చాను.

అత్తయ్య చేసింది తప్పని ఇన్నేళ్ళలో అనుకోలేకపోయాను. ఒప్పని కూడా మనసారా అనుకోలేకపోయాను. ఒక మనిషిని కష్టంలో నిలబెట్టాలంటే రేపటిదాకా నిలబెడితే చాలని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పరీక్ష తప్పిన పిల్లలకూ, భర్త పోయిన స్నేహితురాలికీ అదే చేశాను, పనిచేసింది. కానీ ఎవరైనా వచ్చి, "ఈ సంగతి మా అమ్మతో అనకండి టీచరుగారూ, ఆవిడ మంచికే" అంటే మాత్రం, అయితే నాకూ చెప్పకమ్మా అని లేచిపోతాను. వాళ్ళు నొచ్చుకుంటారు. పెద్దదానికి ఇంత మొండితనం ఏమిటని కూడా అంటారు. అననిస్తాను.