రాయి చల్లగా ఉందన్న రోజు

మార్చి నెలాఖరు, మధ్యాహ్నం రెండు గంటలు. బేతంచెర్లలో ఆ వేళకు బయట పరిచిన బండల మీద ఎవరూ చెప్పులు లేకుండా కాలు పెట్టరు. మా ఐదేళ్ళ కొడుకు నాతాను మాత్రం వాళ్ళక్కతో పందెం వేసుకుని, వాకిట్లో ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి గెంతుతూ "అబ్బా, అబ్బా" అని అరుస్తున్నాడు. మా ఆయన ప్రభుదాసు ఆ రోజు పని నుంచి తొందరగా వచ్చాడు. నీడలోకి రాకుండా ఆ బండల మీదే కూర్చుని, రెండు అరచేతులూ రాతికి ఆనించాడు. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను.

"లోపలికి రాండి. చేతులు కాల్తాయి" అన్నాను.

"కాల్లేదే. రాయి చల్లగుండాది కరుణా" అన్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఆయన నాపరాయి బండలు పరిచే మేస్త్రీ. పద్నాలుగేళ్ళుగా రాయితోనే బతుకు. ఏ రాయి ఎండకు ఎంత కాగుతుందో తాకకుండానే చెప్పగలడు. అలాంటి మనిషి నోట ఆ మాట విన్నాను. ఇది మామూలు జ్వరం కాదని ఆ క్షణంలోనే నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అంతకు మూడు వారాల ముందే ఆయన ఆఫ్రికాలోని మలావి నుంచి తిరిగొచ్చాడు. మా చర్చి సంఘం నుంచి ఐదుగురు అక్కడికి సేవకు వెళ్ళారు. నలుగురు వాక్యం చెప్పడానికి, ఈయన ఒక పల్లెలో కట్టిన చిన్న మందిరానికి నేల పరచడానికి. "నాకు మైకు పట్టుకోనీకి రాదు, రసమట్టం పట్టుకోనీకి వస్తాది" అని నవ్వేవాడు. నేల సమంగా ఉందో లేదో చూసే ఆ రసమట్టాన్ని బట్టల మధ్య చుట్టి మరీ తీసుకెళ్ళాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దాన కార్డులో దేవుని కాపుదల గురించిన మాట ఉంది. దాన్ని చూపించి, ఇంకేం భయం అన్నారు అందరూ. నాకు భయంగానే ఉంది. నమ్మేవాళ్ళు భయపడకూడదు కదా అని పైకి చెప్పలేదు.

వెళ్ళే ముందు కర్నూలులో ఒక డాక్టరు మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు రాశాడు. రోజుకొకటి. "తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు ఆపొద్దు. చాలామంది అక్కడే ఆపేస్తారు" అని రెండుసార్లు చెప్పాడు. ఆయన ఇంటికొచ్చాక మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు మాత్ర కూడా నేనే పెట్టేదాన్ని.

వచ్చిన నాలుగో రోజు ఆదివారం. ఆరాధనలో ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. మైకు పట్టుకోవడం రాదన్న మనిషి కళ్ళనీళ్ళతో చెప్పాడు, తలనొప్పి కూడా రాకుండా దేవుడు తమను కాపాడాడని. తర్వాత ప్రేమ విందు. పంక్తిలో ఆయన పక్కన కూర్చుని నేను మాత్రల అట్ట తీశాను. వడ్డిస్తున్న సంఘ పెద్ద దేవదానం మామ చూశాడు.

"ఏందప్పా ప్రభుదాసూ! మైకులో దేవుడు కాపాడినాడంటివి, విస్తరి పక్కన మాత్ర పెట్టుకుంటివి. ఇంతకూ కాపాడింది ఆయనా, ఈ మాత్రా?"

పంక్తి అంతా ఘొల్లుమంది. మామ కీడు తలచి అన్న మాట కాదు, అందరినీ అలాగే ఆటపట్టిస్తాడు. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ అట్టను పర్సులో వేసేసుకున్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం మాత్ర పెట్టలేదు. ఆయన అడగలేదు. ఆ తర్వాత మా ఇద్దరిలో ఎవరం దాని ఊసెత్తలేదు.

నేను కడపలో బీఎస్సీ చదివాను. జువాలజీలో మలేరియా క్రిమి దోమలో ఎన్ని రోజులుంటుందో, మనిషి కాలేయంలో ఎన్ని రోజులు దాక్కుంటుందో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

జ్వరం మొదలైన సాయంత్రం ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళాం. "వడదెబ్బమ్మా, ఎండలో పని చేస్తే రాకేమైతాది" అని సెలైన్ పెట్టాడు. రెండు రోజులు జ్వరం వస్తూ పోతూ ఉంది. చెమట పట్టి తగ్గినప్పుడల్లా మా అత్త సువార్తమ్మ "దేవునికి స్తోత్రం" అనేది. మళ్ళీ వణుకు మొదలయ్యేది. మూడో రోజు పిల్లల్ని వేంపల్లెలో మా అమ్మ దగ్గరికి పంపి, ఆయన్ని కర్నూలులో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. వైడల్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్స్ తగ్గాయి.

"టైఫాయిడ్ లాగా ఉంది" అన్నాడు డాక్టరు. కేస్ షీట్ రాస్తూ అడిగాడు. "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళొచ్చాడా? వేరే రాష్ట్రం, వేరే దేశం?"

ఆయన మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను తలగడ పక్కన నిలబడ్డాను. మలావి అని చెబితే తర్వాతి ప్రశ్న మాత్రలు వాడాడా అని వస్తుంది. ఎవరు ఆపారని వస్తుంది. అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు ఆడాయి.

"లేదు సార్. బేతంచెర్లలోనే పని" అన్నాను.

డాక్టరు తలూపి రాసుకున్నాడు.

ఆ రోజే సంఘంలో గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు. రాత్రీ పగలూ ఆగకుండా, అరగంటకొకరు చొప్పున, ఎవరి ఇంట్లో వాళ్ళు ప్రార్థించాలి. పేర్లన్నీ చార్ట్ మీద రాసి మందిరం గోడకు అంటించారు. మా ఎనిమిదేళ్ళ కూతురు హెప్సి ఫోనులో పట్టుబట్టింది. "అమ్మా, నా పేరు కూడా రాయమని చెప్పు. నేనూ చేస్తా." సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిది దానికి ఇచ్చారు. ఇంతమంది ప్రార్థిస్తుంటే నా ఒక్క అబద్ధం ఏం చేస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు చేయి రావడం లేదు.

రెండు రోజులు టైఫాయిడ్ ఇంజెక్షన్లు నడిచాయి. రెండో రోజు సాయంత్రం ఆయన నర్సును పిలిచి, "మంచం మట్టంగా లేదు, నా రసమట్టం తేపో" అన్నాడు. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. కాసేపటికి అదీ ఆగిపోయింది. మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి అన్నారు.

అక్కడ ఐసీయూ బయట మా అత్త రిపోర్టుల కవరు నా ఒళ్ళో పడేసింది. "డిగ్రీ సదివినావు గదా, సదువు. నా కొడుక్కు ఏమైందో దాంట్లో రాసుంటాది." క్రియాటినిన్ ఐదు దాటింది, అంటే కిడ్నీలు పనిచేయడం లేదు. బిలిరుబిన్ పెరిగింది, కాలేయమూ దెబ్బతింది. చదివాను, అర్థమైంది, కాగితాలు మళ్ళీ కవరులో పెట్టేశాను.

లోపలి నుంచి ఒక లేడీ డాక్టరు వచ్చింది. నాకన్నా చిన్నదే అయ్యుంటుంది. "టైఫాయిడ్ ఇంత తొందరగా ఇలా చేయదమ్మా. మేమేదో మిస్సవుతున్నాం" అంది.

"మలావి వెళ్ళొచ్చాడు మేడమ్" అన్నాను. "వచ్చాక వేసుకోవాల్సిన మాత్రలు నేనే ఆపేశాను."

ఆమె పెన్ను ఆగింది. "ఇది అక్కడి డాక్టరుకు చెప్పలేదా?"

"అడిగాడు. లేదని చెప్పాను."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి తిరిగి "మలేరియాకు స్మియర్ పంపండి, అర్జెంట్" అని కేకేసింది. గంటలోపే వచ్చి చెప్పింది. "ఫాల్సిపారమ్ మలేరియా. బ్లడ్‌లో లోడ్ చాలా ఎక్కువుంది. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టాం." బతుకుతాడా అని అడిగాను. "రెండు రోజుల ముందు వచ్చి ఉంటే వేరేగా చెప్పేదాన్ని" అంది.

మా అత్త ఒక మూలన కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఆమెకు ఏమీ వినపడలేదు. వినపడలేదు కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను. అంత దాకా వచ్చాక కూడా.

పదకొండు రోజులు వెంటిలేటర్. రోజు మార్చి రోజు డయాలసిస్. బీపీ నిలబడక మందు డోస్ పెంచుతూ పోయారు. ఆరో రోజు ఆయన వేళ్ళు నీలంగా మారాయి, తర్వాత నల్లబడ్డాయి, ఎండిన చింతకాయల్లా. "ప్రాణం నిలబెట్టాలని చూస్తున్నాం. రక్తం వేళ్ళ చివరి దాకా పోవడం లేదు" అన్నారు. ఆ రోజుల్లో నేను ప్రార్థన చేయలేదు. "దేవా" అనేదాన్ని, తర్వాత మాట వచ్చేది కాదు. ఆ దేవుణ్ణి నమ్మి నా మనిషిని సముద్రాల అవతలికి పంపాను. అక్కడ ఇరవై రోజులూ నిజంగానే కాపాడాడు. తిరిగొచ్చాక, మా ఇంట్లో, కంచం ముందు, ఆ కాపుదలను నేను పోగొట్టాను. నమ్మకం అనుకుని నేను చేసింది, పదిమంది నవ్వుతారన్న భయం తప్ప ఇంకేమీ కాదు.

గొట్టం తీసేసిన మర్నాడు ఆయన గొంతు పెగల్చుకుని అడిగిన మొదటి మాట: "ఆడ మందిరంలో నేల సగమే అయింది. ముగించినారంటనా?"

నెలన్నర తర్వాత ఆపరేషన్. కుడి చేతికి నాలుగు వేళ్ళు, ఎడమ చేతికి రెండు, రెండు పాదాల వేళ్ళన్నీ తీసేశారు. కిడ్నీలు మాత్రం మెల్లగా కోలుకున్నాయి. "మీరు లక్కీ" అన్నాడు సర్జన్. మా అత్త కొడుకు కట్ల వైపు చూసి, "లక్కీ అంటే ఇట్టుంటాదా సార్?" అంది. సర్జన్ తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఇప్పుడు ఆయన చొక్కా గుండీలు నాతాను పెడతాడు. పాత కూలీలు పని జరిగే చోటికి బండి మీద తీసుకెళ్తే, కుర్చీలో కూర్చుని రసమట్టం చూసి ఎక్కడ కొట్టాలో చెప్పి వస్తాడు. ఒక్కోరోజు పిలుస్తారు, ఒక్కోరోజు పిలవరు. పిలవని రోజు వాకిట్లో బండల మీద కూర్చుని చేతులు ఒళ్ళో దాచుకుంటాడు. మలావి పాస్టరు ఆ మందిరం ఫోటో పంపాడు. సగం నునుపు, సగం మట్టి. "ఈసారి నేను చూపిస్తా, వాళ్ళే పరుస్తారు. మళ్ళీ పోదునా కరుణా?" అన్నాడు ఆయన. నేను ఫోను తీసి పక్కన పెట్టాను. ఆయన దేవుణ్ణి అంతే నమ్ముతున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటాను, అంతే.

నిన్న సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టారు. దేవదానం మామ నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. లేచి నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు. "స్తోత్రం" అని మాత్రం అని కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక గిన్నెలు కడుగుతుంటే హెప్సి వెనక వచ్చి నిలబడింది.

"అమ్మా, నీకొకటి చెప్తే కొట్టవు గదా?"

"చెప్పు."

"గొలుసు ప్రార్థనలో నేను నిద్రపోయినా. అవ్వ లేపింది, అయినా లేయలా. నా కాడనే గొలుసు తెగింది. అందుకే నాన్న వేళ్ళు పోయినాయి."

ఎనిమిది నెలలుగా ఆ పిల్ల ఇది మోస్తోంది. గిన్నె కింద పెట్టాను. హెప్సిని దగ్గరికి తీసుకుని, పొద్దున నీకొకటి చెప్తా అన్నాను. ముందు చెప్పాల్సిన వాళ్ళు ఇంకొకరున్నారు.

పిల్లలు పడుకున్నాక ఆయనకు చెప్పాను. నర్సింగ్ హోమ్‌లో డాక్టరు అడిగిన సంగతి, నేను లేదన్న సంగతి.

"నాకు తెల్సు" అన్నాడు. "కండ్లు మూసుకున్నా గానీ చెవులు పన్జేస్తాండె. నువ్వు లేదన్నది విన్నా. నాకూ నోరుండె గదా. సాక్ష్యం చెప్పిన నోరు... నేనూ ఊరకుంటి."

ఆ మాటతో నాకు ఓదార్పు కలగలేదు. ఇద్దరం చెరో వైపు తిరిగి మేలుకునే ఉన్నాం.

ఇది చదివే మీకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా సేవకో, పనికో దూరదేశం వెళ్ళొస్తే, ఇచ్చిన మాత్రలు చివరిదాకా వేయించండి. తర్వాత జ్వరం వస్తే, డాక్టరు అడిగే దాకా ఆగకుండా, ఎక్కడికి వెళ్ళారో మొదటి మాటగా చెప్పండి. మాత్రలు మానేసి ఉంటే అదీ చెప్పండి. ఎవరు పక్కన ఉన్నా సరే.

ఈ ఉదయం పిల్లలిద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టుకున్నాను. ఆయన గడపలో ఉన్నాడు. హెప్సి నా మొహం వైపు చూడటం లేదు. నేను ఇలా చెప్పాను:

"నువ్వు నిద్రపోయినందుకు కాదు తల్లీ. చిన్నపిల్లలు నిద్రపోతే దేవుడు ఎవరి వేళ్ళూ తీసుకోడు. నాన్నకు మాత్ర పెట్టకుండా మానేసింది నేను. యాడికన్నా పోయొచ్చినాడా అని డాక్టరు అడిగితే, సిగ్గుపడి అబద్ధం చెప్పిందీ నేనే. దానికి రెండు దినాలు పోయినాయి. ఆ రెండు దినాలు దేవుడు ఎందుకు ఊరకున్నాడో నాకు తెలీదమ్మా, మీరు అడిగినా చెప్పలేను. గొలుసు తెగింది నీ కాడ కాదు, నా కాడ."