సమాధి పాటల పిల్ల

ఆ రోజుల్లో మా కంభం పక్క పల్లెలో పాడేవాళ్లకు ఎన్ని పేర్లో! స్టేజీ ఎక్కితే గాయని, చర్చిలో నిలబడితే క్వైరమ్మాయి, టీవీలో కనబడితే సింగరు, మిరపచేలో కలుపు తీస్తూ పాడితే గొంతున్న పిల్ల. నాకు ఇందులో ఒక్కటీ దక్కలేదు. పదమూడేళ్లప్పుడు ఎవరో ముసలాయన సమాధి దగ్గర పాడితే ఊరు ఊరంతా వెక్కివెక్కి ఏడ్చింది. అంతే, ఆనాటి నుంచి నేను "సమాధి పాటల పిల్ల"ని. చుట్టుపక్కల ఎవరు కన్నుమూసినా ఆటో మా ఇంటి ముందే ఆగేది (శవపెట్టె కంటే ముందు నన్నే మాట్లాడుకునేవాళ్లు). పెళ్లికి మాత్రం ఒక్కరూ పిలవలేదు.

ఒక్క పెళ్లిలో పాడితే ఈ పేరు పోతుందని నా ఆశ. పెద్దమ్మ కూతురికి పెళ్లి కుదరగానే కాళ్లావేళ్లా పడ్డాను. "శుభమా అని పెళ్లి జరుగుతుంటే నీ పాటేందే?" అని కసిరి, చివరికి "సరే, ఒక్కటే. నవ్వుతా పాడు" అంది పెద్దమ్మ. నెల రోజులు అద్దం ముందు నవ్వుతూ సాధన చేశాను. తీరా పందిట్లో మొదటి చరణం అయ్యేసరికి ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకుంటున్నారు. పెళ్లికూతురి కాటుక చెంపల మీదికి జారింది. అప్పుడే మార్కాపురం బస్సు దిగొచ్చిన పెళ్లికొడుకు తాత పందిరి ముందే ఆగిపోయి, "అయ్యో, ఎవరు పోయినారమ్మా?" అన్నాడు. పెద్దమ్మ మైకు లాక్కుంది. వంటల దగ్గర కూర్చుని ఏడ్చాను. నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది. ఆ వారమే జ్వరంతో పడుకున్న మా అవ్వ కోసం బత్తాయిలు పట్టుకుపోతే, నన్ను చూడగానే దుప్పటి మొహం మీదికి లాక్కుని, "నేనింకా బతికే ఉండానే! దీన్నెవరు పిలిచినారు? పో!" అని కేకలు. ఇక ఈ జన్మలో పాడనని ఒట్టు పెట్టుకున్నాను.

రెండేళ్లకు అవ్వ నిజంగానే మంచం పట్టింది. ఈసారి తనే కబురంపింది. "పాడే. పోయినాక పాడితే నాకేం వినపడుద్ది?" అంది. ఒట్టు గట్టున పెట్టి, పెళ్లిలో ఆగిపోయిన ఆ పాటే ఎత్తుకున్నాను. ఏడుపుతో నా గొంతే తడబడింది, అవ్వ కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. వేలితో మంచంపట్టె మీద తాళం వేస్తూ, "ఇది పెళ్లి పాట గదా! పాటకత్తెవే నువ్వు" అంది. మూడో రోజు పోయింది. తర్వాత ఎందరి సమాధుల దగ్గరో పాడాను గానీ, ఆ ఒక్క సమాధి దగ్గర నాకు నోరు పెగల్లేదు.

మొన్న క్రిస్మస్‌కు మా చర్చి ఫ్లెక్సీ మీద నా పేరు ముందు "ప్రముఖ గాయని" అని వేశారు. ఫోటో తీసుకున్నాను (జుట్టు నెరిసినా బుద్ధి రాలేదు). ఎవరికి చూపించాలో తోచక, ఫోను పట్టుకుని సమాధుల తోటకు వెళ్లాను. అవ్వ ఈసారి నన్ను పొమ్మనలేదు.